కడపలో కూర్చుని ఓడను తిప్పడం: మోడల్ క్యాలిబ్రేషన్‌లో నా అనుభవం

ముందు పని ఏమిటో చెప్పేస్తాను. ఓడలను రేవులోకి, బయటికి నడిపించే పైలట్లకు, ఓడల మీద పనిచేసే ఆఫీసర్లకు శిక్షణ ఇవ్వడానికి సిమ్యులేటర్లు ఉంటాయి. చుట్టూ పెద్ద స్క్రీన్లు, మధ్యలో ఓడ బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపే గదిలో ఉన్నట్టే స్టీరింగ్, ఇంజన్ లివర్. స్క్రీన్ మీద సముద్రాన్ని చూపించేవాళ్లు వేరే టీమ్. చుక్కాని ఇంత తిప్పితే ఓడ ఎంత తిరగాలి, ఎంత జారాలి, ఎంత వేగం పోగొట్టుకోవాలి అని లెక్క కట్టే సమీకరణాలు లోపల ఉంటాయి. వాటిలోని గుణకాలను అసలు ఓడ ట్రయల్స్‌తో, అంటే సముద్రంలో చేసిన పరీక్షలతో పోల్చి సరిచేయడం మా పని. క్యాలిబ్రేషన్ అంటే అదే. కంపెనీ చెన్నైలో ఉంది. నేను కడపలో, ఎర్రముక్కపల్లిలో మా మిద్దె మీద గదిలో కూర్చుని చేస్తాను. "సముద్రం లేని ఊర్లో ఓడల పనేందిరా?" అని మా మామ ఇప్పటికీ అడుగుతుంటాడు. "మంగంపేట ముగ్గురాయి విదేశాలకు ఎట్లా పోతాంది మామా, బస్సులోనా?" అంటే నవ్వి ఊరుకుంటాడు.

నేను చదివింది మెకానికల్. ఓడల గురించి చేరాకే నేర్చుకున్నాను. మా టీమ్ లీడ్ నెల్లూరు ఆవిడ, మేమంతా అక్క అనే పిలుస్తాం. మొదట్లోనే అక్క నాకు కేవీఎల్‌సీసీ2 అనే ఓడను ఇచ్చి కోడ్ రాయమంది. తమాషా ఏమిటంటే ఆ ఓడను ఎవరూ కట్టలేదు. 320 మీటర్ల పొడవు, 58 మీటర్ల వెడల్పు, 20.8 మీటర్ల డ్రాఫ్ట్ (నీటిలో మునిగే లోతు) ఉన్న ట్యాంకర్‌గా కొరియాలో డిజైన్ చేశారు. ప్రపంచంలో ఎన్నో ల్యాబ్‌లు దాని చిన్న నమూనాలను తొట్టెల్లో తిప్పి కొలిచాయి. ఫలితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి కొత్తగా చేరినవాళ్ల కోడ్ సరిగా ఉందో లేదో దాంతో తేలిపోతుంది.

మోడల్ గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. అన్నిటికన్నా చిన్న మోడల్ జపాన్‌కు చెందిన నొమోటో 1957లో ఇచ్చింది. అందులో రెండే అంకెలు: చుక్కానికి ఓడ ఎంత గట్టిగా స్పందిస్తుంది, ఆ స్పందన రావడానికి ఎంత సమయం పడుతుంది. ఆటోపైలట్‌కు అది చాలు. శిక్షణకు చాలదు, ఎందుకంటే పక్కకు జారడం, వేగం తగ్గడం అందులో లేవు. 1964లో అబ్‌కోవిట్జ్ అనే పరిశోధకుడు ఓడ మీద పడే బలాలన్నిటినీ కలిపి ఒక పొడవాటి టేలర్ శ్రేణిగా, అంటే వేగాలు, వాటి వర్గాలు, ఘనాలు ఉన్న పదాల మొత్తంగా రాశాడు. 1970లలో జపాన్‌లోని ఎంఎంజీ బృందం దాన్ని మూడు ముక్కలు చేసింది: హల్ (ఓడ దేహం) వేరు, ప్రొపెల్లర్ వేరు, చుక్కాని వేరు, వాటి మధ్య ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద వేరు. 2015లో యాసుకావా, యోషిమురా దీనికి ఒక ప్రామాణిక రూపం ఇచ్చారు. మేము వాడేది ఈ పద్ధతే. రేపు ఆ ఓడకు ప్రొపెల్లర్ మారిస్తే ఆ ముక్క ఒక్కటి మారిస్తే సరిపోతుంది. కాకపోతే అంకెలు పెరుగుతాయి. యాసుకావా రాసిన రూపంలో హల్‌కే 17 గుణకాలు, చుక్కాని, ప్రొపెల్లర్‌వి అదనం.

కేవీఎల్‌సీసీ2 కుదిరాక నాకు నిజమైన ఓడ ఇచ్చారు. విడి సరుకు మోసే బల్క్ క్యారియర్, లంబాల మధ్య పొడవు (ముందు, వెనక రెండు నిలువు గీతల మధ్య కొలిచేది) 217 మీటర్లు, ట్రయల్ వేగం 14 నాట్లు (గంటకు దాదాపు 26 కిలోమీటర్లు). షిప్‌యార్డ్ నుంచి వచ్చిన ఫోల్డర్‌లో ట్రయల్ రికార్డింగ్: సమయం, జీపీఎస్ స్థానం, గైరో హెడింగ్ (ఓడ ముక్కు చూసే దిక్కు), చుక్కాని కోణం, ఇంజన్ ఆర్పీఎం, వేగం. కుడికి, ఎడమకు 35 డిగ్రీల టర్నింగ్ సర్కిల్, 10/10, 20/20 జిగ్‌జాగ్ (చుక్కానిని అటూఇటూ మార్చే పరీక్ష, వివరం తర్వాత చెప్తాను), క్రాష్ స్టాప్ (పూర్తి వేగంలో పోతూ ఇంజన్‌ను వెనక్కి తిప్పి ఓడను ఆపడం). పోతే, ఓడ పొడవులో జీపీఎస్ యాంటెన్నా ఎక్కడుందో ఆ ఫోల్డర్‌లో ఎక్కడా లేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇలాంటి ఓడలో బ్రిడ్జి వెనుక చివరన ఉంటుంది, యాంటెన్నా దాని మీద. అంటే ఓడ నడిమధ్యకు 90 మీటర్లు వెనక. ఓడ కుడికి తిరుగుతుంటే ముందు భాగం చుట్టు లోపలికి, వెనక భాగం బయటికి పోతాయి. నిలకడగా తిరిగేటప్పుడు సెకనుకు 0.6 డిగ్రీ తిరుగుతోందనుకుంటే, ఆ 90 మీటర్ల దూరం వల్లనే యాంటెన్నాకు సెకనుకు దాదాపు 1 మీటరు పక్కవేగం వస్తుంది. అప్పటికి ఓడ మొత్తం వేగమే మూడు మీటర్ల పైచిల్లర. ఆ డేటాను అట్లాగే మోడల్‌కు తినిపిస్తే, ఓడ ఉన్నదానికన్నా ఎంతో ఎక్కువ పక్కకు జారుతున్నట్టు కనబడుతుంది. మోడల్ ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి తన గుణకాలను వంచుకుంటుంది. అందుకని ఓడలో ఏది ఎక్కడుందో చూపించే జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్ తెప్పించుకుని, మాస్ట్ మీద యాంటెన్నా గుర్తు వెతికి, దూరం కొలిచి, ప్రతి సెకనుకూ స్థానాన్ని నడిమధ్యకు మార్చాను.

తర్వాత ప్రవాహం. నిశ్చలమైన నీటిలో ఓడ చక్కటి చుట్టు కొట్టాలి. రికార్డింగ్‌లో మాత్రం రెండో చుట్టు మొదటిదాని మీద పడలేదు, ఈశాన్యానికి జరిగింది. ట్రయల్‌లో ఒక చుట్టుతో ఆపకుండా ఇంకా తిప్పించేది దీని కోసమే. తిరగడం నిలకడగా మారాక ఒక హెడింగ్ తీసుకుని, సరిగ్గా 360 డిగ్రీల తర్వాత అదే హెడింగ్ వచ్చినప్పుడు ఓడ ఎక్కడుందో చూడాలి. మా దాంట్లో 10 నిమిషాల్లో 200 మీటర్లు జరిగింది. సెకనుకు 0.33 మీటరు, అంటే ముప్పావు నాటుకు కాస్త తక్కువ. ఒక్క జత పాయింట్లు చాలవు, చుట్టూ అన్ని హెడింగ్‌లకూ ఇదే లెక్క చేసి, అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయా అని చూసుకోవాలి. చూపించాయి. ఆ ప్రవాహాన్ని తీసేస్తే రెండు చుట్లూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన క్షణం అదే. ఇంకా గుణకాల జోలికే పోలేదు మరి!

గైరో 359 నుంచి 0కి దూకడం, చుక్కాని ఆర్డర్‌కూ అసలు కోణానికీ మధ్య ఆలస్యం లాంటివి చకచకా అయిపోతాయి. చుక్కాని వేగానికి ఒక తనిఖీ ఉంది: ఒకవైపు 35 నుంచి రెండోవైపు 30 డిగ్రీలకు 28 సెకన్లలోపు రావాలని నిబంధన, అంటే సెకనుకు కనీసం 2.3 డిగ్రీలు. మాది అంతకన్నా కొంచెం చురుకుగానే ఉంది.

ఇక అసలు పని. అక్క ఒక రాత్రి ఆప్టిమైజర్‌ను, అంటే రికార్డింగ్‌కు సరిపోయే గుణకాలను వెతికే ప్రోగ్రామ్‌ను, కావాలనే రెండు వేర్వేరు మొదలు విలువల నుంచి నడపమంది. గుణకాలన్నీ వదిలేయ్, దేన్నీ ఒక విలువ దగ్గర కట్టేయొద్దు అంది. మే నెల, కరెంటు పోతే ఇన్వర్టర్, ల్యాప్‌టాప్ ఫ్యాన్ నా ఫ్యాన్ కన్నా గట్టిగా తిరుగుతోంది. పొద్దునకి రెండూ ముగిశాయి. రెండు మోడళ్లూ 35 డిగ్రీల సర్కిల్‌ను గీత మీద గీత పడేలా గీశాయి. గుణకాలు చూస్తే ఒకదాంట్లో పక్కకు జారడం వల్ల పుట్టే తిప్పుడు బలం రెండోదానికి దాదాపు రెట్టింపు. తిరగడాన్ని ఆపే నిరోధం కూడా అదే లెక్కన పెద్దది.

"ఈ రెండింట్లో మన ఓడ ఏదిరా?" అని అడిగింది అక్క.

"రెండూ కరెక్ట్‌గానే తిరుగుతున్నాయక్కా."

"తిరగడం సరే. మన ఓడ ఏది?"

కారణం ఇది. నిలకడగా తిరిగే ఓడలో పక్కకు జారే వేగం, తిరిగే వేగం ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకటి తిప్పాలని చూస్తుంది, రెండోది ఆపాలని చూస్తుంది. కొలతకు దొరికేది ఆ రెండింటి తేడా మాత్రమే. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఇంత చింతపండు పిసికి సర్దేసినట్టు, ఒక గుణకం ఎక్కువైతే ఇంకోటి ఎక్కువై కప్పేస్తుంది. నోటికి తేడా తెలియదు. ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1977లో ఎస్సో ఒసాకా అనే 2,78,000 టన్నుల ట్యాంకర్‌ను మెక్సికో సింధుశాఖలో తిప్పి కొలిచారు. ఆ రికార్డింగుల నుంచి గుణకాలు రాబట్టేటప్పుడు 1980లో అబ్‌కోవిట్జ్ కూడా ఈ తిప్పలన్నీ పడ్డాడు.

రెండు మోడళ్లనూ 10/10 జిగ్‌జాగ్‌లో పెట్టగానే బండారం బయటపడింది. చుక్కాని 10 డిగ్రీలు కుడికి తిప్పాలి. ఓడ ముఖం 10 డిగ్రీలు మళ్లగానే చుక్కానిని 10 డిగ్రీలు ఎడమకు మార్చాలి. వేల టన్నుల ఓడ మాట వెంటనే వినదు కదా, ఇంకొన్ని డిగ్రీలు కుడికే పోయి అప్పుడు ఆగుతుంది. ఆ అదనాన్ని ఓవర్‌షూట్ అంటారు. 2002లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ ఆమోదించిన ప్రమాణాలు దీనికి హద్దు పెట్టాయి. ఓడ పొడవును వేగంతో భాగిస్తే మా ఓడకు 30 సెకన్లు వస్తుంది. ఆ లెక్కన మొదటి ఓవర్‌షూట్ 20 డిగ్రీలు, రెండోది 40 డిగ్రీలు దాటకూడదు. సర్కిల్‌లో కవలల్లా ఉన్న ఆ రెండు మోడళ్లు ఇక్కడ చెరో దారి పట్టాయి. ఒకటి అసలు ఓడ కన్నా బాగా ముందే ఆగిపోతుంది, రెండోది ఆగనంటుంది.

అప్పటినుంచి నేను పట్టుకున్న పద్ధతి, ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేది కూడా: ఏ గుణకాన్ని సర్దాలో తేల్చుకునే ముందు ఏవి ముట్టుకోకూడదో రాసి పెట్టుకో. ఓడ కదిలినప్పుడు దాంతోపాటు కదిలే నీటి బరువు, అదే అదనపు ద్రవ్యరాశి, హల్ ఆకారం నుంచి లెక్క కట్టొచ్చు. దాన్ని కట్టేయాలి. నేరుగా పోయిన రన్‌ల నుంచి ఆర్పీఎంకూ వేగానికీ సంబంధం ముందే సరిచేసి, నిరోధాన్ని, ప్రొపెల్లర్‌ను కట్టేయాలి. ఏక ఘాత గుణకాలకు, అంటే వేగం మొదటి ఘాతంలోనే ఉన్న పదాల గుణకాలకు, 1983లో క్లార్క్ బృందం ఇచ్చిన సూత్రాలున్నాయి. డ్రాఫ్ట్, పొడవు, వెడల్పు, హల్ ఎంత పెట్టెలా ఉందో చెప్పే బ్లాక్ కోఎఫిషియంట్ ఇస్తే ఒక అంచనా వస్తుంది. ఆ అంచనా చుట్టూ కంచె వేసి, 10/10 జిగ్‌జాగ్‌తో మాత్రమే వాటిని సర్దాలి. ఎందుకంటే చిన్న కోణాల్లో ఘన పదాల (వేగాల మూడో ఘాతం ఉన్నవి) జోక్యం పెద్దగా ఉండదు. ఆ తర్వాతే 35 డిగ్రీల సర్కిల్‌తో ఘన పదాలు. 20/20 జిగ్‌జాగ్‌ను మాత్రం సర్దడానికి వాడకుండా దాచుకోవాలి. పరీక్ష పేపర్ ముందే చూపిస్తే మార్కులకు అర్థం లేదు.

ప్రతి గుణకాన్నీ పది శాతం కదిపి ఫలితం ఎంత మారుతుందో ఒక పట్టిక కూడా వేశాను. కొన్ని గుణకాలను ఎంత కదిపినా చుట్టు ఉలకదు, పలకదు. అలాంటివాటిని ఆప్టిమైజర్‌కు ఇస్తే ఊరికే అటూఇటూ తిరుగుతూ పక్కవాటిని చెడగొడతాయి. వాటినీ ప్రచురించిన విలువల దగ్గర ఆపేశాను. చివరికి సర్దడానికి మిగిలింది కొద్ది గుణకాలే. గీతలు మునుపటంత అందంగా కూర్చోలేదు, కొన్ని మీటర్ల తేడా వచ్చింది. దాచిపెట్టిన 20/20 మాత్రం బాగా కుదిరింది. అందం తగ్గినా నాకు నమ్మకం పెరిగింది.

ఆ మోడల్‌ను తీసుకుని చెన్నై వెళ్లాను. రిటైరైన పోర్ట్ పైలట్ ఒకాయన వచ్చి మా మోడళ్లను నడిపి చూస్తారు. విశాఖ ఆయన. నేను సర్కిల్ గ్రాఫులు తీసి చూపించబోతే చేత్తో ఆపేశారు.

"సర్కిల్ ఎవడిక్కావాలి బాబూ? ఏ పైలట్టూ రేవులో 14 నాట్లతో సర్కిల్ కొట్టడు. నాలుగు నాట్లలో కిక్ ఇస్తే ముక్కు కదలాలి. అది చూపించు."

కిక్ అంటే, ఓడ మెల్లగా పోతున్నప్పుడు చుక్కానిని పూర్తిగా తిప్పి కాసేపు మాత్రం ఇంజన్ పెంచడం. ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీటి ధార చుక్కానిని తాకి, వేగం పెరగక ముందే ఓడ తిరుగుతుంది. ఆయన నిలబడి ఆర్డర్ ఇచ్చారు. ఇంజన్ పెరిగింది, స్క్రీన్ మీద ఓడ ముక్కు బద్ధకంగా జరిగింది. "ఇది ఓడా, బల్లకట్టా?" అన్నారు.

తప్పు ఎక్కడుందో అక్క, నేను ఆ సాయంత్రం వెతికాం. మోడల్‌లో ప్రొపెల్లర్ ధార చుక్కాని దగ్గర వేగాన్ని ఎంత పెంచుతుందో చెప్పే గుణకం ఒకటుంది. కేవీఎల్‌సీసీ2కి దాని విలువ 0.50. పూర్తి వేగంతో చేసే ట్రయల్‌లో ప్రొపెల్లర్ మీద భారం కిక్‌లో పడేంత పడదు, కాబట్టి ఆ గుణకం గురించి ట్రయల్ డేటా ఏమీ గట్టిగా చెప్పదు. మా పట్టికలో అది "ప్రభావం తక్కువ" గడిలోనే ఉంది. 14 నాట్లకు అది నిజమే, 4 నాట్లకు అదే ప్రాణం. ఓడ బయలుదేరి వేగం అందుకునే మొదటి నిమిషాల రికార్డింగ్ ఫోల్డర్‌లో ఓ మూల ఉంది, ఎవరూ పట్టించుకోనిది. ప్రొపెల్లర్ మీద భారం ఎక్కువగా పడేది అప్పుడే. అందులో దారి సరిచేసుకోవడానికి చిన్న చిన్న చుక్కాని మార్పులు చేశారు. ఆ కాస్త దానితో గుణకాన్ని పట్టుకున్నాం. ధార గుణకం మారితే పూర్తి వేగం దగ్గర చుక్కాని బలం కూడా కొంచెం మారుతుంది కాబట్టి 10/10 నుంచి మళ్లీ వరస మొత్తం నడపాల్సి వచ్చింది.

మెల్లటి వేగంలో ఇంకో గొడవ కూడా ఉంది. మోడల్ లోపల పక్కవేగాన్ని ఓడ మొత్తం వేగంతో భాగించి, ఆ నిష్పత్తికి ఘనాలు కడతాం. ఓడ దాదాపు ఆగి ఉన్నప్పుడు టగ్ (పెద్ద ఓడలను నెట్టే, లాగే చిన్న ఓడ) వచ్చి పక్క నుంచి నెడితే వేగమంతా పక్కవేగమే. మామూలు మలుపుల్లో చిన్నగా ఉండే ఆ నిష్పత్తి 1కి చేరుతుంది, ఆ హద్దులో కొలవని ఘన పదాలు ఇష్టారాజ్యంగా బలాలు పుట్టిస్తాయి. తాడు కట్టబోయే ఓడ బొంగరం తిరిగినా ఆశ్చర్యం లేదు. అందుకని తక్కువ వేగంలో ఆ బహుపదిని పక్కనపెట్టి, నీరు హల్‌కు అడ్డంగా దాటేటప్పుడు వచ్చే నిరోధంతో లెక్క కట్టి, రెండింటినీ మధ్యలో మెల్లగా కలిపాం.

క్రాష్ స్టాప్ గురించి ఎక్కువ చెప్పను. ఆగేలోపు ఓడ నడిచే దూరం 15 పొడవులు దాటకూడదని ప్రమాణం. మా ఓడకు అది 3 కిలోమీటర్ల పైనే. కుడి చేతి ప్రొపెల్లర్ వెనక్కి తిరిగితే ఓడ ముక్కు కుడికి పోవాలి, మా మోడల్‌లో అట్లాగే పోయింది. పైలట్ సార్ తలూపారు, అంతే.

లోతు తక్కువ నీళ్ల దగ్గర మాత్రం వాదన జరిగింది. లోతైన నీటి గుణకాలను ఒక నిష్పత్తితో పెంచుకుంటూ పోతే చాలదా అని నేను. ఎస్సో ఒసాకా పేపర్ చదివి రా అని అక్క. ఆ ట్యాంకర్‌ను డ్రాఫ్ట్‌కు 4.2, 1.5, 1.2 రెట్ల లోతుల్లో పరీక్షించారు. 1.2 దగ్గర చుట్టు బాగా పెద్దదైంది, అది ఎవరైనా ఊహిస్తారు. తిరుగుతున్న ఓడను ఆపడం మాత్రం 1.5 దగ్గర లోతైన నీటిలో కన్నా కష్టమైంది, 1.2 దగ్గర మళ్లీ సులువైంది. అంటే ఒకే దిశలో పోయే గీత కాదు, మధ్యలో వంగుతుంది. నిష్పత్తితో పెంచే నా ఉపాయం అక్కడితో ఆగిపోయింది. ప్రతి లోతుకూ విడిగా అంచనా వేసి, అది కొలిచింది కాదని పక్కన రాశాం.

ఈ ట్రయల్ అంతా ఖాళీ ఓడతో జరిగింది, బల్క్ క్యారియర్లకు ఇది మామూలే. సరుకు లేనప్పుడు ఓడ పైకి తేలి, వెనక భాగం కాస్త ఎక్కువ మునిగి ఉంటుంది. అట్లా ఉంటే దారి బాగా పట్టుకుంటుంది. నిండుగా సరుకుతో సమంగా మునిగితే ఆ బుద్ధి తగ్గుతుంది. శిక్షణకు కావాల్సింది నిండు ఓడే. కాబట్టి దాని గుణకాలు లెక్కతో మార్చినవే తప్ప కొలతతో సరిచూసినవి కావు. రిపోర్ట్ మొదటి పేజీలోనే అక్క ఆ మాట రాయించింది: ఖాళీ ఓడ, లోతైన నీరు, మధ్యస్థం నుంచి పూర్తి వేగం వరకు సరిచూశాం, నిండు ఓడ, తక్కువ లోతు అంచనాలు మాత్రమే.

ఆ లైన్లు తీసేయమని క్లయింట్ నుంచి ఫోన్ వచ్చింది, కొనేవాళ్లు చూస్తే బాగుండదట. నిండు సరుకుతో రేవు దాటిన ప్రయాణం రికార్డింగ్ ఒకటి పంపండి, సరిచూసి తీసేస్తాం అంది అక్క. కొంత నానబెట్టి పంపారు. ఆ ఫైల్ ఇప్పుడు నా దగ్గరుంది. గాలి, ప్రవాహం, పక్కన రెండు టగ్‌లు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. టగ్‌లు వదిలేసిన తర్వాతి భాగాన్ని కోసి, అందులో చుక్కాని పది డిగ్రీలు దాటిన చోట్లు ఏరుకుంటున్నాను. ఎక్కువ లేవు.